ప్రశ్నావళి పట్టుకుని పలాస బయల్దేరే ముందు

జీడిపప్పు ఫ్యాక్టరీ ఆడిట్‌కి మొదటిసారి వెళ్తున్న ఆర్టికల్ పిల్లలకి (సీఏ శిక్షణలో ఉన్నవాళ్ళకి) ఈ జాగ్రత్తలు. ప్రశ్నావళి అంటే క్లయింటు దగ్గర లోపలి అదుపులు (ఇంటర్నల్ కంట్రోల్స్) ఎలా ఉన్నాయో తెలుసుకోడానికి 'అవును', 'లేదు' జవాబులొచ్చేలా రాసుకునే ప్రశ్నల పట్టిక.

• వేరే క్లయింటు ఫైల్లోని ప్రశ్నావళి మక్కీకి మక్కీ ప్రింట్ తియ్యొద్దు. మందుల షాపుకి రాసిన ప్రశ్నలు జీడి ఫ్యాక్టరీలో ఎందుకూ పనికిరావు. ఇక్కడ అడగాల్సినవి వేరు. పిక్కల (ముడి జీడిగింజల) బస్తాలు లారీ దిగగానే తూకం రాస్తున్నారా? పొట్టు తీయడానికి ఇచ్చిన పప్పెంతో, తిరిగొచ్చిన గుండ్లు, బద్దలు, ముక్క ఎంతో లెక్క రాస్తున్నారా? ఆ తేడా రోజూ సరిచూస్తున్నారా?

• 'లేదు' అంటే లోపం అని అర్థమొచ్చేలా అన్ని ప్రశ్నలూ ఉండాలి. ఒక్కటి తిరగేసి రాసినా సాయంత్రానికి తలనొప్పే.

• అకౌంటెంట్‌తోనే సరిపెట్టొద్దు, గోడౌన్ గుమస్తానీ అడగండి. ఒకచోట "గేటు రిజిస్టర్ రోజూ రాస్తారా?" అన్నాను. "రాస్తామండీ" అన్నారు. తెప్పించి చూస్తే నెలంతా ఒకే పెన్ను, ఒకే దస్తూరి. సెలవు రోజున కూడా లారీలొచ్చాయి!

• నోటిమాట ఒక్కటే చాలదని ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 315 కూడా చెబుతుంది. ఒక కొనుగోలు బిల్లు తీసుకుని తూకం చీటీ నుంచి బ్యాంకు చెల్లింపు దాకా వెంటపడండి. ప్రతి 'అవును' పక్కన ఏ కాగితం చూశారో రాయండి.

• చిన్న ఫ్యాక్టరీలో సరుకు కొనేదీ, డబ్బిచ్చేదీ, పద్దు రాసేదీ ఒక్కరే కావచ్చు. ఈ పనులు వేర్వేరు మనుషులు చేస్తారా అన్న ప్రశ్నకి 'లేదు' అని టిక్కు పెట్టి వచ్చేయకండి. యజమాని స్వయంగా ఏమేం చూస్తున్నారో కనుక్కోండి.

• జవాబిచ్చినవారి పేరు, హోదా, తేదీ అక్కడికక్కడే రాసేయండి. రైలెక్కాక గుర్తుండవు.