కొత్తగా కట్టుడు పళ్ళు పెట్టించుకున్నవాళ్ళు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు

మా నాన్నకి పైనా కిందా ఫుల్ సెట్ పెట్టించి మూడేళ్ళయింది. మొదటి వారంలోనే "నోట్లో చెప్పు పెట్టుకున్నట్టుందిరా, నా వల్ల కాదు" అని డబ్బాలో పెట్టి బీరువాలో దాచేశాడు. చాలా ఇళ్ళల్లో అంతే కదా, వేలు పోసి చేయించిన సెట్టు పెళ్ళిళ్ళకి మాత్రమే బయటికొస్తుంది. మీ ఇంట్లో అలా అవ్వకుండా మేం కిందామీదా పడి నేర్చుకున్నవి రాస్తున్నా.

ముందు పెట్టుకోవడం. సెట్టుని నీళ్ళతో తడిపి పెట్టుకోండి, ఎందుకంటే పైది అంగిలికి పట్టుకుని ఉండేది ఆ తడి వల్లే. వేలితో నొక్కి కూర్చోబెట్టాలి, అంతేగానీ నోట్లో వేసుకుని పళ్ళతో కొరికి సర్దుకోవద్దు, విరుగుద్ది. కొన్ని పళ్ళకే పెట్టే, కొక్కేలున్న పార్షల్ సెట్ అయితే తీసేటప్పుడు ఒకవైపే పట్టి లాగితే కొక్కెం వంగిపోద్ది, రెండువైపులా కలిపి మెల్లగా తియ్యండి.

మొదటి రోజుల్లో నోరంతా లాలాజలం ఊరుద్ది, మాట ముద్దగా వస్తుంది, కంగారు పడొద్దు, తగ్గిపోద్ది. మా నాన్న చేత రోజూ పొద్దున పేపర్ గట్టిగా చదివించాం, అమ్మ పక్కన కూర్చుని నవ్వుతూనే ఉండేది, రెండు వారాలకి మాట సాఫీ అయింది. కింది సెట్టు మాత్రం పైదానంత గట్టిగా ఎవరికీ ఉండదు, పైదానికి అంగిలి మొత్తం ఆసరా, కిందదానికి సన్నటి చిగురు గట్టు ఒక్కటే, పైగా నాలుక నెట్టేస్తా ఉంటది. అందుకని ప్రతిదానికీ డాక్టర్ని తిట్టకండి.

తిండి విషయంలో మొదట మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, ఉప్మా. చిన్న ముద్దలు పెట్టుకుని రెండువైపులా సమానంగా నమలాలి, ఒకవైపే నమిలితే రెండోవైపు లేచిపోద్ది. జంతికలు, చెరుకు ముక్కలు ఇప్పుడే వద్దు. జామకాయ గింజ సెట్టు కిందకి దూరిందంటే చుక్కలు కనిపిస్తాయి. కాఫీ కూడా జాగ్రత్త, అంగిలి కప్పేసి ఉంటది కాబట్టి వేడి సరిగ్గా తెలీదు, గొంతులోకి దిగాక తెలుస్తుంది.

ఎక్కడైనా ఒరుసుకుని పుండు పడితే ఇంట్లో బ్లేడుతోనో ఆకురాయితోనో గీకొద్దు, డాక్టరే కొంచెం అరగదీసి సరిచేస్తాడు. నొప్పి ఓర్చుకోగలిగితే వెళ్ళేముందు కొన్ని గంటలు పెట్టుకోండి, ఎక్కడ ఒత్తుతుందో ఆయనకి కనపడుద్ది. రెండు వారాలైనా మానని పుండుని అసలు వదిలెయ్యొద్దు, చుట్ట, గుట్కా, జర్దా అలవాటున్నవాళ్ళు మరీను.

ఇంక కడగడం, మేం బోల్తా పడింది ఇక్కడే. శుభ్రంగా ఉంటాయని మరిగే నీళ్ళలో వేశా, అది ఆక్రిలిక్ ప్లాస్టిక్ కదా, వంగిపోయింది, మళ్ళీ కొత్తది చేయించాల్సొచ్చింది. నాన్న ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తుంటాడు. కాబట్టి మామూలు నీళ్ళు, మెత్తటి బ్రష్, రెండు చుక్కల లిక్విడ్ సోప్, చాలు. టూత్‌పేస్ట్‌కి, ఉప్పుకి, బొగ్గుపొడికి గీతలు పడతాయి, ఆ గీతల్లోనే పాచి చేరుద్ది. కింద టబ్బులో నీళ్ళు పోసుకుని దానిమీద తోమండి, జారి పడినా పగలదు. తిన్న ప్రతిసారీ కడిగితే మంచిది, తోమడం రోజుకోసారైనా ఉండాలి. క్లీనింగ్ ట్యాబ్లెట్లు గ్లాసులో వెయ్యడానికే, నోట్లోకి కాదు, నానాక బాగా కడిగి పెట్టుకోండి. పళ్ళు లేకపోయినా చిగుళ్ళు, నాలుక కూడా రుద్దుకోవాలి.

రాత్రి తీసేసి నీళ్ళలో వెయ్యండి. పెట్టుకునే పడుకుంటే కింద ఫంగస్ పట్టి అంగిలి ఎర్రబడుద్ది. పళ్ళు పీకిన రోజే సెట్టు పెట్టినవాళ్ళకి మాత్రం మొదటి రోజు తియ్యొద్దంటారు, వాళ్ళు డాక్టర్ చెప్పినట్టే చెయ్యాలి.

లూజైతే సెట్టుని చిగుళ్ళకి అంటించే పేస్ట్ (డెంచర్ అడెసివ్) నాలుగు చిన్న చుక్కలు పెడితే సరిపోవాలి. రోజురోజుకీ ఎక్కువ పడుతోందంటే దవడ ఎముక అరిగినట్టు, లోపల మళ్ళీ పూత వేయించుకోవాలి, దాన్నే రీలైన్ అంటారు. మామూలుగా ఒక సెట్టు 5 నుంచి 7 ఏళ్ళు వస్తుంది. విరిగితే మాత్రం ఫెవిక్విక్ జోలికి పోవద్దు, ముక్కలన్నీ ఏరి పట్టుకెళ్ళండి.

ఆఖరుగా ఒకటి, జేబులో చిన్న డబ్బా పెట్టుకోండి. పెళ్ళి భోజనాల్లో సెట్టు తీసి టిష్యూలో చుట్టి పక్కన పెడితే విస్తరితో పాటు అదీ పోద్ది, మేం ఒకసారి ఎంగిలాకుల కుప్పంతా వెతికాం.