హాడ్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు

'ఐ హాడ్ గాన్ టు కడప ఎస్టర్‌డే' అని చెప్పి ఊరుకుంటే తప్పు. అక్కడున్నది ఒక్క పనే కాబట్టి 'ఐ వెంట్ టు కడప ఎస్టర్‌డే' చాలు. పని ఎంత పాతదైనా సరే, పాతదైనంత మాత్రాన హాడ్ రాదు. గతంలోని ఒక సమయానికి ముందే ఇంకో పని అయిపోయిందని చెప్పాల్సి వచ్చినప్పుడే, ఆ ముందు జరిగిన పనికి హాడ్, పక్కన క్రియ మూడో రూపం.

'వెన్ వియ్ రీచ్డ్ అనంతపూర్ స్టేషన్, ది ట్రైన్ హాడ్ లెఫ్ట్' అంటే మనం చేరేసరికే రైలు వెళ్లిపోయింది. 'ది ట్రైన్ లెఫ్ట్' అంటే మనం చేరాక కదిలింది. అర్థమే మారిపోతుంది కనుక ఇలాంటిచోట హాడ్ అస్సలు వదలొద్దు. బిఫోర్, ఆఫ్టర్ ఉంటే వరస ఆ మాటే చెప్పేస్తుంది. సింపుల్ పాస్ట్ (హాడ్ లేకుండా వెంట్, లెఫ్ట్ లాంటి రూపం) రాసినా తప్పు కాదు. అయినా పరీక్షలో ముందు జరిగిన పనికి హాడ్ పెట్టడమే క్షేమం.

అప్పటిదాకా కొనసాగిన స్థితికీ ఇదే పద్ధతి: 'వెన్ హైదరాబాద్ బికేమ్ ది క్యాపిటల్ ఇన్ 1956, కర్నూల్ హాడ్ బీన్ ది క్యాపిటల్ ఫర్ త్రీ ఇయర్స్.' 1953 నుంచి ఆంధ్ర రాష్ట్ర రాజధాని మన కర్నూలే కదా!

మూడో రూపం దగ్గర జాగ్రత్త. హాడ్ వెంట్, హాడ్ కేమ్, హాడ్ ఏట్ అనేవి లేవు. హాడ్ గాన్, హాడ్ కమ్, హాడ్ ఈటెన్. 'డిడ్ నాట్' తర్వాత మాత్రం మొదటి రూపమే.