జావా పాఠాలు – 6: ఏ ఆబ్జెక్ట్ లెక్క దానిదే

పోయిన పాఠంలో మెథడ్‌లు రాశాం. ఇప్పటిదాకా మన వేరియబుల్స్ అన్నీ మెథడ్ లోపలే పుట్టి, అది పూర్తవగానే పోయేవి. ఈసారి మెథడ్ బయట, క్లాస్ లోపల ఒక వేరియబుల్ పెడదాం.

కౌంటర్ అనే క్లాస్ రాయండి. అందులో లెక్క అనే ఇంట్ వేరియబుల్, దాన్ని ఒకటి పెంచే పెంచు() అనే మెథడ్ ఉంటే చాలు. లెక్క ముందు స్టాటిక్ అని మాత్రం రాయకండి. ఇలా పెట్టినదాన్ని ఇన్‌స్టాన్స్ వేరియబుల్ అంటారు.

క్లాస్ రాసినంత మాత్రాన లెక్కకు మెమరీలో చోటు దొరకదు. మెయిన్‌లో ఈ రెండు వరుసలు నడిచాకే దొరుకుతుంది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి.

కౌంటర్ ఎ = న్యూ కౌంటర్();
కౌంటర్ బి = న్యూ కౌంటర్();

న్యూ నడిచిన ప్రతిసారీ క్లాస్ నమూనాతో ఒక కొత్త వస్తువు పుడుతుంది, దాన్నే ఆబ్జెక్ట్ అంటారు. న్యూ రెండుసార్లు నడిచింది కాబట్టి ఆబ్జెక్ట్‌లు రెండు, లెక్కలూ రెండు. విలువ ఇవ్వలేదే అని టెన్షన్ పడొద్దు, ఇంట్ రకం ఇన్‌స్టాన్స్ వేరియబుల్‌లో జావాయే 0 పెడుతుంది. మెథడ్ లోపలి వేరియబుల్‌కి ఆ సౌకర్యం లేదు. విలువ ఇవ్వకుండా వాడితే కంపైలర్ ఒప్పుకోదు.

ఎ.పెంచు() మూడుసార్లు, బి.పెంచు() ఒకసారి పిలవండి. ఎ.లెక్క 3, బి.లెక్క 1 అవుతాయి. మెథడ్ ఒక్కటే అయినా, చుక్కకు ముందు ఏ ఆబ్జెక్ట్ ఉంటే దాని లెక్కే మారుతుంది. 1960ల్లో నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ సిములా అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసినప్పుడు వాళ్లకు కావలసింది ఇదే: ఒకే రకానివి ఎన్నో ఉండాలి, దేని స్థితి దానికి ఉండాలి.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఈ పాఠానికి ఆయువుపట్టు ఇదేనని నా నమ్మకం.

కౌంటర్ సి = ఎ;
సి.పెంచు();

ఇప్పుడు ఎ.లెక్క ఎంత? చాలామంది 3 అంటారు. ప్రింట్ చేస్తే 4 వస్తుంది. ఈ వరుసల్లో న్యూ లేదు, అంటే కొత్త ఆబ్జెక్ట్ పుట్టలేదు. ఎ లో ఉన్నది ఆబ్జెక్ట్ కాదు, దాన్ని చేరే రెఫరెన్స్. సి కి అందింది ఆ రెఫరెన్స్ కాపీ. పేర్లు మూడు, ఆబ్జెక్ట్‌లు రెండే. తికమకగా ఉంటే కాగితం మీద పేర్లు ఒకవైపు, ఆబ్జెక్ట్‌లు ఇంకోవైపు రాసి బాణాలు గీయండి. ఈ అలవాటు తర్వాతి పాఠాలన్నిటికీ పనికొస్తుంది.

ఇక స్టాటిక్ సంగతి. అది పెడితే లెక్క క్లాస్‌ది అవుతుంది, ఎన్ని ఆబ్జెక్ట్‌లున్నా ఒక్కటే ఉంటుంది. ఇదే ప్రోగ్రామ్‌లో లెక్క ముందు స్టాటిక్ చేర్చితే ఎ.లెక్క, బి.లెక్క ఎంతెంత? జవాబు కాగితం మీద రాశాకే నడిపించి చూడండి. లెక్క 0 తో కాకుండా, ఒక్కో ఆబ్జెక్ట్‌కి మనం చెప్పిన వేరే వేరే అంకెతో మొదలవ్వాలంటే కన్‌స్ట్రక్టర్ వాడతాం. అది వచ్చే పాఠంలో.