దొడ్డి దగ్గర పట్టిన నుసుము ఏ జాతిది?

సాయంత్రం గొర్రెల దొడ్డి దగ్గర ముసిరే పురుగులన్నీ నీలినాలుక రోగాన్ని (గొర్రెలకు సోకే వైరస్ జబ్బు) మోసేవి కావు. మోసేవి క్యులికాయిడిస్ ప్రజాతి నుసుములు, అంటే కుట్టే చిన్న ఈగలు. వాటిలోనూ రక్తం పీల్చేది ఆడదే. మా ప్రయోగశాలకు కొత్తగా వచ్చే వాళ్లకు నేను మొదట చెప్పే మాట: రెక్క చూడకుండా పేరు పలకవద్దు.

పట్టడం తేలిక. పొద్దు గూకేలోపు అతినీలలోహిత దీపమున్న ఉచ్చును దొడ్డి పక్కన వేలాడదీయండి. అడుగు గిన్నెలో నీళ్లు, కాస్త సబ్బు ద్రవం చాలు. తెల్లవారగానే వడకట్టి 70 శాతం ఆల్కహాలులో వేయండి. ఆలస్యమైతే రెక్కలు చివికిపోతాయి, ఇక ఎంత ఖరీదైన సూక్ష్మదర్శిని ఉన్నా దండగే.

మొదటి వడపోత పళ్లెంలోనే జరగాలి. రెక్కలు పైకి ఎత్తి పెట్టుకున్న బొచ్చు పురుగు ఇసుక ఈగ, తీసేయండి. మన నుసుము ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు మించదు. మచ్చల రెక్కలను మూసిన కత్తెరలా ఒకదానిపై ఒకటి పరుచుకుంటుంది. మీసాలు కుచ్చుల్లా ఉంటే మగది.

ఆడవాటి పొట్ట చూడండి. రక్తమో గుడ్లో ఉంటే ఇట్టే తెలుస్తుంది. ఖాళీ పొట్టలో ముదురు ఎర్రటి రంగు కనిపిస్తే అది ఇదివరకే గుడ్లు పెట్టిందని అర్థం. అంటే అంతకుముందు రక్తం తాగి ఉండవచ్చు. వైరస్ పరీక్షకు నేను ముందు ఏరేది వీటినే.

ఇక రెక్క. ముందు అంచు మధ్యలో పక్కపక్కన రెండు చిన్న గదులుంటాయి. రెండో గది చివర తెల్లగా ఉంటే అవారిటియా ఉపప్రజాతి వైపు నడవండి. 1913లో కీటక శాస్త్రవేత్త కీఫర్ వర్ణించిన ఇమికోలా, పేడలో పెరిగే బ్రెవిటార్సిస్ అనే జాతులు అందులోవే. ఆ గది మొత్తం నల్లగా ఉంటే హాఫ్‌మానియా ఉపప్రజాతి, అందులో మనకు తరచూ దొరికే జాతి పెరిగ్రినస్.

అవారిటియాలో జాతిని రెక్క ఒక్కదానితో తేల్చేస్తామనే వాళ్లను నేను నమ్మను. తల, రెక్క, పొట్ట విడదీసి, పొటాషియం హైడ్రాక్సైడుతో పొట్టను తేటపరిచి, స్లైడు మీద అమర్చండి. మీసాల ఏ ఖండాల మీద సూక్ష్మ గుంటలున్నాయో, వీర్యకోశాలు (ఆడది వీర్యాన్ని దాచుకునే సంచులు) ఎలా ఉన్నాయో చూడండి. అప్పటికీ సందేహం తీరకపోతే కాళ్లను డీఎన్‌ఏ పరీక్షకు పంపండి. మిగతా శరీరాన్ని స్లైడుపైనే ఉంచండి.

సీసాలో చీటీ పెన్సిలుతోనే రాయండి. పెన్ను సిరాను ఆల్కహాలు కరిగించేస్తుంది.