డీజిల్ ట్యాంకుకు మంటను తట్టుకునే పూత వేయించడం ఎలా?

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక జనరేటర్ విలువ ఉద్దానంలో అందరికీ తెలిసింది. దాని పక్కనుండే డీజిల్ ట్యాంకును మాత్రం ఇప్పటికీ ఎవరూ పట్టించుకోరు. నాకు బాధ కలిగించేది అదే.

ముందుగా ఒక మాట: ఈ పూత మంటను ఆర్పదు. వేడి సుమారు 200 డిగ్రీలు దాటితే ఉబ్బి, నల్లటి నురుగులా గట్టిపడి ఉక్కుకు అడ్డు నిలుస్తుంది. 550 నుంచి 600 డిగ్రీల దగ్గర ఉక్కు బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఆ స్థితి త్వరగా రాకుండా పూత ఆపుతుంది. ఫైరింజను రావడానికి వ్యవధి దొరుకుతుంది.

కొనేటప్పుడు చమురు మంటకు పరీక్షించిన ఎపాక్సీ రకమే అడగండి. చమురు మంట కొద్ది నిమిషాల్లోనే వెయ్యి డిగ్రీలు దాటుతుంది. కట్టె, కాగితం మంటలకు పరీక్షించిన పూత దానికి చాలదు.

పని మొదలుపెట్టే ముందు డీజిల్ తోడేసి, లోపలి ఆవిరిని పూర్తిగా పోగొట్టించండి. ఖాళీ ట్యాంకే కదా అని గ్రైండరు పెట్టకండి; మిగిలిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

తర్వాత మంచినీళ్లతో కడగాలి. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు మిగిలితే పూత కింద తుప్పు మొదలవుతుంది. ఆరాక బ్లాస్టింగ్‌తో, అంటే గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టించి, తుప్పంతా పోగొట్టి, అదే రోజు ప్రైమర్ వేయించండి. గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి. ఉక్కు వేడి, గాలిలోని తేమ నీటి బొట్లుగా పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మన తీరంలో తెల్లవారుజామున ఇది కుదరదు, ఎండెక్కాకే మొదలుపెట్టండి.

అసలు పూతను శిక్షణ ఉన్న పనివాళ్లతోనే వేయించండి. ట్యాంకు కాళ్లను మరవద్దు. కాళ్లు వంగితే ట్యాంకు కూలుతుంది, పైపులు తెగుతాయి, మంటకు డీజిల్ అందుతుంది. డీజిల్ మట్టానికి పైనున్న గోడ కూడా ముఖ్యం. కింది భాగాన్ని లోపలి డీజిల్ కొంత చల్లబరుస్తుంది, పై భాగానికి ఆ అండ లేదు. మూలలకు, వెల్డింగ్ అతుకులకు ముందుగా బ్రష్‌తో ఒక చేయి వేయించండి. ఆవిరి గొట్టం, వాల్వులు, మట్టం చూపే గేజీ మూసుకుపోకుండా చూడండి.

ఆరాక మందాన్ని గేజీతో పలుచోట్ల కొలిపించి, కంపెనీ పట్టికతో సరిచూడండి. కంటి అంచనాకు ఒప్పుకోకండి. చివరగా ఎండకు, వానకు తట్టుకునే పైపూత వేయించండి.

ఏటా వానలు వెలిశాక ట్యాంకు చుట్టూ తిరిగి చూడండి. పగులు, పొక్కు, తుప్పు చార కనిపిస్తే అంతమేర చెక్కించి మళ్లీ ప్రైమర్ నుంచి మొదలుపెట్టించండి.