అమరావతి, ధరణికోటలో పైపులైన్ తవ్వేటప్పుడు దగ్గరుండి ఏం చూడాలి

మంచినీళ్ల పైపుకైనా కేబుల్‌కైనా ఇక్కడ తవ్వితే కింద ఉండేది ఉత్త మట్టి కాదండీ, శాతవాహనుల నాటి ధాన్యకటకం నగరం. కాబట్టి ముందు కొలత చూస్కోండి: కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, అది దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, పర్మిషన్ కాగితం చేతికి రాకుండా అక్కడ జేసీబీ దించొద్దు.

డ్రైవర్‌తో మొదట్లోనే మాట్లాడుకోండి. పళ్లు లేని బకెట్ పెట్టించి, ఒకేసారి లోతుగా లాక్కుండా పొరపొరగా గీకమనండి, మీరు చెయ్యెత్తితే ఆపేయాలని కూడా చెప్పండి. పాత పైపు వేసిన చోట మట్టి ఎప్పుడో కలిసిపోయుంటుంది, అక్కడ త్వరగా కానివ్వొచ్చు.

అసలు సంగతంతా పైపు కోసం తవ్విన కందకం పక్క గోడలోనే ఉంటది. తాపీతో గోడ శుభ్రంగా గీకి, ఎండిపోతే కాస్త నీళ్లు చిలకరించండి, అప్పుడు బూడిద పొర, బొగ్గు, కుండ పెంకులు, ఇటుక వరస విడివిడిగా కనపడతాయి. స్కేలు పెట్టి ఫొటో తీయండి, ఉత్తరం ఎటో గుర్తుపెట్టండి, రోడ్డు మట్టం నుంచి ఎంత లోతు, ఏ కరెంటు స్తంభం నుంచి ఎన్ని మీటర్లు అన్నది అక్కడికక్కడే రాయండి, పైపు వేసి పూడ్చాక ఆ గోడ మళ్లీ చూడలేం. ఏమీ దొరక్కపోయినా ఆ మాట కూడా రాయాలి. లోతు మనిషి ఛాతీ దాకా వచ్చి, పక్కలకి చెక్కల ఆసరా లేకపోతే మాత్రం దిగొద్దు, పైనుంచే ఫొటో తీస్కోండి.

ఇప్పటి ఇటుక కంటే బాగా పెద్ద ఇటుకలు, లోపల నలుపు బయట ఎరుపు ఉన్న పెంకులు, సీసం నాణేలు, చెక్కడమున్న లేత రంగు సున్నపురాయి, వీటిలో ఏది కనపడినా అక్కడ మిషన్ ఆపించి పురావస్తు శాఖకి ఫోన్ చేయండి. నాణేన్ని చింతపండుతో తోమితే అక్షరాలు పోతాయి, దయచేసి ఆ పని చేయొద్దు, మట్టితోనే కవర్లో వేసి చీటీ పెట్టండి. 1878 నాటి నిధుల చట్టం (ట్రెజర్ ట్రోవ్ యాక్ట్) ప్రకారం భూమిలో దొరికిన విలువైన వస్తువు సంగతి కలెక్టర్‌కి తెలపాలి, కూలీలకి ఇది పొద్దున్నే చెప్పండి.

1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చేటప్పటికే ఊరోళ్లు కట్టుబడికి స్తూపం రాళ్లు పట్టుకుపోతున్నారు, 1816లో మళ్లీ వచ్చేసరికి ఇంకా చాలా పోయాయి, అది తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే తవ్వకంలో పాత కట్టడం గోడ తగిలితే పగలగొట్టకుండా పైపునే పక్కకి జరపమని ఇంజనీరుని అడగండి, కుదిరితే గోడ మీద ఇసుక పరిచి, ఆ తర్వాతే పూడ్పించండి.