ఎండలు ముదరక ముందే: స్కైలైట్ ట్యూబ్ వెలుగులో పగడాలు పెంచేవాళ్లకు జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఇంటి స్లాబ్‌కు స్కైలైట్ ట్యూబ్ (పైన పారదర్శకమైన డోమ్, లోపల అద్దపు పూత ఉండి ఎండ వెలుగును ఇంట్లోకి దింపే గొట్టం) పెట్టించుకుని, ఆ వెలుగులో రీఫ్ ట్యాంక్ (బతికున్న పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) నడుపుతున్నవాళ్లు అదే రోజు పని మొదలుపెట్టాలి. ఏప్రిల్ నెలాఖరులో పగడాల రంగు పోవడం కంటికి కనబడిందంటే లోపల నష్టం అప్పటికే చాలా జరిగిపోయి ఉంటుంది.

ఎండతో పగడాలు పెంచడం కొత్త ప్రయోగం కాదు. 1960ల మొదట్లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సూర్యకాంతి, సముద్రం నుంచి తెచ్చిన రాళ్లు, గాలి బుడగలు, వీటితోనే ట్యాంకులు నడిపి చూపించారు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 1987లో తెరిచిన పెద్ద పగడాల అక్వేరియం కూడా ఆరుబయటి ఎండ మీదే నడిచింది. అయితే అవి రెండూ సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లు. మనకు మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. కాబట్టి వాళ్ల పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే కుదరదు.

ముందు సూర్యుడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. మనం ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల దగ్గర ఉన్నాం. డిసెంబర్‌లో మధ్యాహ్నం పూట సూర్యుడు నడినెత్తికి 40 డిగ్రీల దూరంలో, దక్షిణం వైపు వాలి ఉంటాడు. వెలుగు ఏటవాలుగా డోమ్‌లోకి వచ్చి, గొట్టం లోపలి అద్దపు పూతకు పలుమార్లు తగిలి, కొంత బలం తగ్గి కిందికి దిగుతుంది. మే 8 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబడ్డవాళ్ల నీడ కాళ్ల కిందే ఉండిపోతుంది. అప్పుడు వెలుగు గొట్టంలోంచి దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. ఏప్రిల్ రెండో వారం నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి పది డిగ్రీల లోపే ఉంటాడు. అంటే మనం ముట్టుకోకపోయినా, ట్యూబ్ తనంతట తాను ‘ఫుల్’లోకి వెళ్లిపోతుంది. అదీ నీళ్లు అన్నిటికన్నా వేడిగా ఉండే నెలల్లో.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు లెక్క వేస్తారు. నీళ్లను వేడెక్కించేది ట్యూబే అనుకుంటారు. 14 అంగుళాల ట్యూబ్ తీసుకోండి. నిండు ఎండలో దాని నోట్లో పడే శక్తి మొత్తం దాదాపు 100 వాట్లు. దారిలో పోయింది పోగా ఐదు గంటల్లో ట్యాంకులోకి చేరేది 350 వాట్ అవర్లు అనుకుంటే, 200 లీటర్ల నీళ్లను ఒకటిన్నర డిగ్రీ పెంచడానికి సరిపోతుంది. అర లీటరు నీళ్లు ఆవిరైతే ఆ వేడంతా పోతుంది. అసలు వేడి వచ్చేది గది నుంచి, స్లాబ్ నుంచి. అయినా సరే ట్యూబ్‌కు ముసుగు వెయ్యాల్సిందే. ఎందుకంటే డిసెంబర్‌లో పగడం హాయిగా తట్టుకున్న వెలుగునే, నీళ్లు వేడెక్కాక తట్టుకోలేదు. దాని ఒంట్లో ఉండి దానికి తిండి పెట్టే సన్నని శైవలాలు (నాచు జాతి) వేడి నీళ్లలో గట్టి వెలుగు పడితే దెబ్బతిని, విషం లాంటి ఆక్సిజన్ రూపాలను విడుదల చేస్తాయి. పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి తెల్లబడేది అందుకే. నీళ్లను చల్లబరచడం కష్టమైన రోజున వెలుగు తగ్గించడం మన చేతిలో ఉన్న పని. ఈ ఒక్కటి చేస్తే సగం గండం గట్టెక్కినట్టే.

దానికి నర్సరీలకు, కూరగాయల పందిళ్లకు వాడే షేడ్ నెట్ చాలు. ఆకుపచ్చది కాకుండా నల్లదో తెల్లదో అడగండి, ఆకుపచ్చ వల వెలుగు రంగును కొంత మారుస్తుంది. మార్చి మొదట్లో 50 శాతం వల (సగం వెలుగును ఆపేది) ఒక పొర వేసి, ఏప్రిల్ మధ్యలో కొలిచి చూసి రెండో పొర అవసరమేమో తేల్చుకోండి. వీలైతే డోమ్ పైనే, చిన్న ఇనుప చట్రానికి బిగించి పెట్టాలి. అప్పుడు వెలుగుతో పాటు వేడీ బయటే ఆగిపోతుంది.

వెలుగు కొలవడానికి పార్ మీటర్ (శైవలాలు వాడుకునే వెలుగును కొలిచేది) ఖరీదు ఎక్కువ. మామూలు లక్స్ మీటర్‌తో (కంటికి కనబడే వెలుగును కొలిచేది) పని జరుగుతుంది. ఎండ వెలుగులో లక్స్ అంకెను 54తో భాగిస్తే పార్ సుమారుగా వస్తుంది. నీటి మట్టం దగ్గర 16,000 లక్స్ కనబడితే పార్ దాదాపు 300 అన్నమాట. మెత్తని పగడాలకు 50 నుంచి 150 సరిపోతుంది. గట్టి కొమ్మల జాతులు 200 నుంచి 350 దాకా అడుగుతాయి. ఉదయం కొలిస్తే లాభం లేదు, పన్నెండున్నరకు కొలవాలి. గొట్టం కింద డిఫ్యూజర్ (వెలుగును చెదరగొట్టే పలక) తీసేస్తే నీళ్లలో మెరుపు అందంగా ఉంటుందని కొందరు తీసేస్తుంటారు. ఎండాకాలంలో వద్దు. వెలుగు ఒక్కచోట పోగై, ఆ చుక్క కింద ఉన్న పగడం మాడిపోతుంది. డిఫ్యూజర్ లేని గొట్టంలోకి మిట్టమధ్యాహ్నం తలెత్తి చూడడమూ ప్రమాదమే, నేరుగా సూర్యుణ్ని చూసినట్టే. పిల్లలున్న ఇంట్లో ఈ మాట గట్టిగా చెప్పి ఉంచాలి.

ఇక నీటి వేడి సంగతి. 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచగలిగితే మంచిది. 29 దాటి రోజుల తరబడి నిలిస్తే టెన్షన్ పడాల్సిందే. స్లాబ్ ఇళ్లలో ఒక తిరకాసు ఉంది. పగలంతా తాగిన ఎండను స్లాబ్ సాయంత్రం నుంచి కిందికి వదులుతుంది. అందుకే మధ్యాహ్నం రెండింటికి థర్మామీటర్ చూసి ‘బాగానే ఉంది’ అనుకోకండి, రాత్రి ఎనిమిదికి మళ్లీ చూడండి. డోమ్ చుట్టూ స్లాబ్ మీద తెల్లని కూల్ రూఫ్ పెయింట్ వేయించడం ఈ ఖర్చులన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేదని నా అభిప్రాయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, ట్యాంకు ఉన్నా లేకపోయినా ఇంట్లోవాళ్లకు సుఖం.

చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనలేనివాళ్లు నీటి మట్టం మీదికి అడ్డంగా గాలి కొట్టేలా ఫ్యాన్ పెట్టండి. మన ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ ఉపాయం ఇక్కడ కోస్తా కన్నా బాగా పనిచేస్తుంది. కానీ నీళ్లు గబగబా తగ్గుతాయి. 200 లీటర్ల ట్యాంకులో రోజుకు 3 లీటర్లు ఆవిరైతే ఉప్పు కిలో నీళ్లకు 35 గ్రాముల నుంచి నాలుగు రోజుల్లో 37 దాటుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో నాలుగు రోజులు ఊరెళ్లేవాళ్లు ఆటోమేటిక్‌గా నీళ్లు నింపే ఫ్లోట్ పెట్టించుకునే వెళ్లాలి. నింపేది ఉప్పు నీళ్లు కాదు, మంచినీళ్లే.

ఏ మంచినీళ్లు అన్నది మన దగ్గర పెద్ద ప్రశ్న, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కదా. సముద్రపు నీటిలోనూ లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది, కాబట్టి కొద్దిపాటి ఫ్లోరైడ్‌తో భయం లేదు. భయం పోగుపడడంతో. ఆవిరయ్యేది నీళ్లే, అందులో ఉన్నదంతా ట్యాంకులోనే మిగులుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు రోజుకు 3 లీటర్ల చొప్పున మూడు నెలలు పోస్తే 810 మిల్లీగ్రాములు చేరుతుంది. నీళ్లు మార్చకపోతే 200 లీటర్ల ట్యాంకులో లీటరుకు 4 పెరిగినట్టు. నైట్రేట్లు, సున్నం, సిలికా కూడా ఇదే లెక్క. నైట్రేట్‌కు ఎండ తోడైతే రాళ్లంతా నాచు కప్పేస్తుంది. భగీరథ నల్లా నీళ్లు నయమే గానీ అందులో క్లోరిన్ ఉంటుంది. ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) దాటి, టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) సున్నా చూపే నీళ్లే పోయండి. ఎండాకాలంలో రెజిన్ త్వరగా అయిపోతుంది, ఒక ప్యాకెట్ ముందే కొని పెట్టుకోండి.

కరెంటు పోవడం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, రాత్రిపూట పగడాలూ శైవలాలూ కూడా దాన్నే పీల్చుకుంటాయి. ఇన్వర్టర్ మీద వేవ్ మేకర్ (ట్యాంకు నీళ్లను కదిలించే చిన్న పంపు) ఒక్కటైనా నడవాలి, బ్యాటరీ ఎయిర్ పంపు చేతికి అందేచోట ఉండాలి. నీళ్లు మరీ వేడెక్కితే నీళ్లు గడ్డకట్టించిన మూత సీసాలను ఒక్కొక్కటిగా సంప్‌లో (ట్యాంకుకు అమర్చిన ఫిల్టర్ తొట్టె) తేలనివ్వండి, ఐస్ ముక్కలు నేరుగా వేయొద్దు. గంటకు అర డిగ్రీ కన్నా వేగంగా దించొద్దు.

పైకప్పు మీద చూడాల్సినవి వేరు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలి, వడగళ్లు వస్తాయి. డోమ్ చుట్టూ ఉన్న సీలెంట్ ఎండకు పగుళ్లిచ్చిందేమో వేలితో నొక్కి చూడండి, పొడిలా రాలితే మళ్లీ వేయించాలి. మన ఊళ్లలో కోతుల బెడద సరేసరి. డోమ్‌ను పీకుతాయి, వలను చింపుతాయి. చట్రం మీద వెడల్పు కన్నాల జాలీ బిగిస్తే ఆగుతాయి. ఈ పనులన్నీ ఉదయం ఏడు లోపు ముగించండి, పిట్టగోడ లేని డాబా మీదికి ఒంటరిగా ఎక్కొద్దు. కొత్తగా ట్యూబ్ పెట్టించేవాళ్లు స్లాబ్‌కు కన్నం కొట్టే ముందు ఇంజనీరును పిలిచి బీములు, ఊచలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించుకోవాలి, కన్నం చుట్టూ ఆరంగుళాల గట్టు కట్టించాలి. ఆ పని కూడా వానలకు ముందే.

కొత్త పగడాలు కొనే ఆలోచన ఉంటే ఎండాకాలం అయ్యేదాకా ఆగండి. మన సముద్రాల్లోని గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. తీరం నుంచి తీసుకొచ్చామని ఎవరైనా అమ్మజూపితే, చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు.

మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే వల పీకేయాలనిపిస్తుంది. తొందరపడకండి. గాలిలో తేమ పెరిగితే ఫ్యాన్ పనితనం తగ్గుతుంది, ఉక్కపోత రోజుల్లో నీళ్లు మేలో కన్నా వేడెక్కవచ్చు. మబ్బు పట్టిన వారాల్లో వెలుగు చాలదనిపిస్తే ఎల్ఈడీ లైటు కాసేపు వెయ్యండి. వలలో ఒక పొర మాత్రం ఉండనివ్వండి. ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు మళ్లీ నడినెత్తికి వస్తాడు. పది రోజుల మబ్బుకు అలవాటుపడ్డ పగడాల మీద, వాన తెరిపి ఇచ్చిన ఒక్క మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే మేలో కాపాడుకున్నదంతా అప్పుడు పోతుంది. ఆఖరి పొర తీయడం సెప్టెంబర్ రెండో వారం దాటాకే, అదీ మొదట రోజుకు రెండు గంటల చొప్పున.